ఒక్క రీలుకు యాభై ఎనిమిది పూలు

నాచారంలో కనకరాజు గురించి ఎవరినడిగినా మంచివాడనే చెబుతారు. ఒకరికి కష్టమొస్తే పిలవకముందే వస్తాడు. పాతికేళ్లుగా ఒకే ఇంజనీరింగ్ యూనిట్‌లో స్టోరు చూసుకుంటున్నాడు, ఇన్నేళ్లలో ఒక్క బోల్టు కూడా తేడా రానివ్వలేదు. అంతటి మనిషీ నోరు తెరిచాడంటే మాత్రం వినేవాళ్లు కాస్త సర్దుకొని కూర్చోవాలి. పొద్దస్తమానం బోల్టులు ఉన్నవి ఉన్నట్టు చూసీ చూసీ ప్రాణం విసిగిందేమో, గేటు దాటి బయటికొచ్చాక ఆయన దేన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పడు. దారిలో ఆయన బండికి అడ్డమొచ్చిన మేకపిల్ల, సారలమ్మ చాయ్ దుకాణం చేరేసరికి దున్నపోతవుతుంది. రెండో చాయ్‌కి అది ఆయన్ని తరమడం మొదలుపెడుతుంది. దీన్ని అబద్ధమంటే ఆయన ఒప్పుకోడు. ఉన్నదాన్నే జర పెద్దగ జేసి సూపిస్త, దూరంగున్నోళ్లకు గూడ కనవడాలె గద అంటాడు.

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మెడలో నల్లటి కెమెరా వేలాడేసుకొని ఆయన దుకాణం ముందు బండి దిగేసరికి బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు ఉపేందర్. మందుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఇక్కడ ఆగుతాడు. కనకరాజు కథలంటే చెవి కోసుకుంటాడు, మధ్యమధ్య ఒక ప్రశ్న వేసి మంట ఎగదోయడం వాడి పని. రెండో ఆయన దయాకర్. లాలాపేట్‌లో ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపి, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక షట్టర్ దించేసిన పెద్దమనిషి. మాటలు బహు పొదుపు. తానూ దయాకరన్నా ఒకప్పుడు కలిసి స్టూడియో నడిపామని కనకరాజు పదేళ్లుగా చెబుతున్నాడు. నిజానికి కుర్రతనంలో రెండు పెళ్లిళ్ల సీజన్లు దయాకర్ వెనక లైటు పట్టుకొని నిలబడ్డాడు, అంతే. ఈ కలిసి నడిపిన ముచ్చట పక్కనే కూర్చొని ఎన్నిసార్లు విన్నా దయాకర్ ఔననలేదు, కాదనలేదు.

దుకాణానికి ఎదురుగా కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. ఉగాది సందర్భంగా అడవిపూల ఛాయాచిత్ర ప్రదర్శన అని పైన, పాతకాలపు రీలు కెమెరాతో తీసినవి అని కింద, మధ్యలో కనకరాజు ముఖం. ఒక మూలకి పువ్వు కూడా ఉంది, వెతికితే కనిపిస్తుంది. కాలనీ సంఘం అధ్యక్షుడు విజయభాస్కర్ గారు దగ్గరుండి కట్టించారు. కాలనీ హాలు ఆ రోజంతా కనకరాజుదే.

ఈ ప్రదర్శన కనకరాజుకు సరదా కోసం కాదు. ఆయన కూతురు హిమజను ఉప్పల్‌లో ఇచ్చారు. అల్లుడివాళ్లు మర్యాదస్థులే. కానీ కిందటేడు ఒక ఫంక్షన్‌లో వియ్యంకుడు నలుగురి మధ్య, బావగారు చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి వినాలె అన్నాడు. అందరూ నవ్వారు. హిమజ కూడా నవ్వింది, ఆ తర్వాత తల దించుకుంది. ఆ తల దించుకోవడం కనకరాజుకు ముల్లులా గుచ్చుకొని ఇప్పటికీ ఊడి రాలేదు. ఈసారి ఉత్త మాట కాదు, గోడ మీద ఫొటో ఉంటుంది. ఫొటోలోంచి ముప్పాతిక తీసేయడం ఎవరి తరమూ కాదు. ఉగాది రోజు పది గంటలకల్లా కుటుంబమంతా వస్తామని వియ్యంకుడు మాటిచ్చాడు. దానికింకా పదకొండు రోజులుంది, మెడలో వేలాడుతున్న కెమెరాలో నిన్న తీసిన రీలుంది, ఇంకేం కావాలి అన్నట్టున్నాడు కనకరాజు.

సారలమ్మ చాయ్ గ్లాసు చేతికిస్తూ, అడివికి పోయొచ్చినవా అన్నా అని అడిగింది. అడగడమే ఆలస్యం.

"పోయొచ్చుడంటె మామూలుగ పోయొచ్చుడా అక్కా. నిన్న పొద్దు పొడువక ముందే లేచి, కీసర దాటి, గుట్టల వెనక అడివి మొదలైనకాడ బండి వెట్టి, అక్కడ్నించి నడక. ఫోన్ ఇంట్లనే ఇడిసిన. ఫోన్‌తోని పిల్లలు గూడ తీస్తరు, నొక్కుడే, నచ్చకుంటె తుడుసుడే. రీలు కెమెరా గట్ల గాదు, ఒక్కసారి నొక్కినవంటె నొక్కినట్టే. ఇగ నడుస్తున్న, నడుస్తున్న, రెండు బండల సందుల ఒక పువ్వు గనవడ్డది. విష్ణుక్రాంత. చిటికెనేలు గోరంత ఉంటది, నీలం రంగు. బోర్ల వండి కెమెరా కన్నుకు వెట్టిన. గాలికి పువ్వు ఊగుతున్నది. గాలి ఆగినంక గూడ ఊగుతున్నది, ఎందుకా అని సూస్తె నా ఊపిరే తగులుతున్నది దానికి. ఏం జెయ్యాలె? ఊపిరి ఆపిన."

ఎంతసేపు అని ఉపేందర్ అడిగాడు. కనకరాజు నాలుక చివరికి వచ్చింది రెండు నిమిషాలే. కానీ ఉపేందర్ గ్లాసు పెదాల దగ్గరే ఆపి కళ్లప్పగించి చూస్తున్నాడు. అలా చూసే మనిషికి రెండు నిమిషాలని చెప్పడానికి మనసెలా ఒప్పుతుంది?

"ఇరవై నిమిషాలు," అన్నాడు.

"గట్లయితె సావరా అన్నా?"

"అలవాటు లేనోళ్లు సస్తరు. నేను జూడు, ఊపిరి లేదు, కదులుడు లేదు. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? నాగుబాము. ఆరు ఫీట్లకు ఇంచు తక్కువుండది. పొదలకెళ్లి బయటికొచ్చి నన్ను జూసి బండ అనుకున్నది. మెల్లగ నడుం మీదికెక్కి, ఎండ మంచిగుందని సుట్ట సుట్టుకొని పండుకున్నది. మీద పాము, ముంగట పువ్వు. కదిలితె పాము కరుస్తది, దాని ఫికర్ లేదు నాకు, దవాఖానాలున్నయి. కదిలితె పువ్వు కదుల్తది, అదీ ఫికర్. అట్లనే పండుకొని బటన్ నొక్కిన. టక్కుమన్నది. ఆ సప్పుడుకు పాము లేసి, నా భుజం మీదికెళ్లి తల ముందలికి వెట్టి కెమెరా దిక్కు సూసింది, ఫొటో ఎట్లొచ్చిందో అని."

"రీలు కెమెరాల ఫొటో అప్పుడే కనవడదు గదన్నా," అన్నాడు ఉపేందర్.

"గదే జెప్పిన దానికి. కడిగినంకనే కనవడ్తది, ఉగాదికి హాలుకు రా అన్న. పోయింది."

సారలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దయాకర్ చాయ్ తాగుతున్నాడు.

ఇందులో నిజమెంతో కూడా చెప్పుకోవాలి. పువ్వు నిజం, బండలు నిజం, గాలి నిజం. పాము మాత్రం లేదు, నాలుగు చీమలు మోచేతి మీద పాకాయి. కానీ కనకరాజు ఆ పువ్వు ముందు నిజంగానే అరగంట బోర్లా పడుకున్నాడు. అరగంట సేపు ఒక్క మాట మాట్లాడకుండా ఉండటం ఆయన బతుకులో అదే మొదలు. లేచేటప్పటికి గుండె దూదిపింజలా తేలికైంది, ఎందుకో కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అది ఆయనకు ఎంతో బాగుంది. అయితే ఆ సంగతి చాయ్ దుకాణంలో చెబితే వినడానికి ఎవడు చాయ్ చల్లార్చుకుంటాడు? అందుకే పాము వచ్చి నడుమెక్కింది.

అక్కణ్ణుంచి కథ గుట్ట ఎక్కింది. గుట్ట మీద మోదుగు చెట్టు. ఆకు అన్నది లేదు, చెట్టంతా ఎర్రటి పూలే. మొదట ఆ చెట్టు రెండు నిలువుల ఎత్తుంది, ఉపేందర్ అబ్బో అన్నాక సెల్ టవరంత పెరిగింది. ఆ పూల ఎరుపు పడి కనకరాజు తెల్లచొక్కా ఎర్రబడిందట, ఇంటికొచ్చాక భార్య కమలకుమారి రెండుసార్లు నానబెట్టి ఉతికినా రంగు వదల్లేదట. ఆ చొక్కా చూపించమని సారలమ్మ అడిగితే, ఆరేశాం, ఇంకా ఆరలేదన్నాడు. కెమెరా బెల్టు పళ్లతో కరిచిపట్టుకొని చిటారుకొమ్మకెక్కి, కాళ్లు కొమ్మకు మెలేసి తలకిందులుగా వేలాడుతూ తీశాడట. పూలకు అడ్డంగా మూడొందల రామచిలుకలు కూర్చున్నాయట. జర లెవ్వున్రమ్మా అనగానే మూడొందలూ ఒక్కసారి లేచి, ఫొటో అయ్యేదాకా గాలిలోనే ఆగి, మళ్లీ దేని కొమ్మ మీద అది వాలిందట.

"ఒక్కటి గూడ తప్పు కొమ్మ మీద గూసోలేదా?" అన్నాడు ఉపేందర్.

"ఒక్కటి గూసున్నది. పక్కదే దాన్ని ముక్కుతోని పొడిసి లేపింది."

ఇంతలో దుకాణం ముందు మరో ముగ్గురు ఆగారు. చాయ్ చెప్పినవాళ్లు చెప్పారు, చెప్పనివాళ్లు ఊరికే నిలబడ్డారు. జనం పెరిగేకొద్దీ కనకరాజు గొంతు పెరిగింది. మోదుగు చెట్టు ఒక్కటే అడివా, ఇప్పచెట్టు ముచ్చట ఇంకా చెప్పనే లేదన్నాడు. ఉపేందర్ బెంచీ మీద కాస్త జరిగి ఆయనకు చోటిచ్చాడు. ఆయన కూర్చోలేదు. ఎలుగుబంటి ముచ్చట కూర్చొని చెప్పేది కాదు.

"ఇప్పపూలు తెల్లారంగ రాల్తయి ఎర్కనా. చెట్టుకింద చాప వరిసినట్టున్నయి. గా పూలు కడుపునిండ తిన్నదేమో, ఒక ఎలుగుబంటి మత్తుల ఉన్నది. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. నేను కింద కూసొని గురి వెట్టిన, అది వచ్చి సరిగ్గ ఎండకు అడ్డం నిలవడ్డది. ఇంకోడైతె ఉరుకుతుండె. నేను తలెత్తి, ఏమమ్మా, జర పక్కకు జరుగు, నీడ వడుతున్నది అన్న. జరిగింది."

"దాంతోని ఏ భాషల మాట్లాడినవన్నా?"

"మర్యాదకు భాష ఎందుకు తమ్మీ. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? మంచి పూలగుత్తి పైకొమ్మకున్నది, నాకు అందుతలేదు. నా తిప్పలు జూసి అది రెండు కాళ్ల మీద లేసి నిలవడి, కొమ్మ వంచి వట్టుకున్నది. జర కిందికి అంటె కిందికి, జర ఎడమకు అంటె ఎడమకు. చెయ్యి నొప్పి వెడ్తున్నదని గూడ అనలే. పెండ్లిళ్లల్ల ఫొటోగ్రాఫర్ వెనక లైటు వట్టుకొని నిలవడే పోరగాడు ఉంటడు సూడు, అచ్చం గట్లనే."

అన్నాక గానీ ఏమన్నాడో కనకరాజుకు తట్టలేదు. ఓరకంట దయాకర్ వైపు చూశాడు. దయాకర్ గ్లాసులోకి చూసుకుంటూ చిన్నగా నవ్వాడు. కనకరాజు గొంతు సవరించుకొని ఎలుగుబంటిని తొందరగా కూర్చోబెట్టాడు. పని అయ్యాక దానికి చాయన్నా పోశావా అని సారలమ్మ అడిగితే, ఫ్లాస్కు మూతలో పోశాననీ, అది నీ చాయేననీ, మస్తుగుందన్నట్టు తలూపిందనీ చెప్పాడు. మనుషులెవ్వరు ఆ మాట అనకపాయె, ఎలుగుబంటన్న అన్నదని సారలమ్మ సంతోషపడింది.

సరిగ్గా ఆ నవ్వుల మధ్యలోకి విజయభాస్కర్ గారు వచ్చారు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న రిటైర్డు లెక్చరర్. ఏ పనైనా ముందుగా చేసిపెట్టుకోకపోతే ఆయనకు నిద్రపట్టదు. చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంది.

"కనకరాజు గారూ, మీకోసమే వస్తున్నానండీ. హాల్లో వడ్రంగి వచ్చి కూర్చున్నాడు. ఫొటోలకి గోడ మీద ఎన్ని మేకులు కొట్టించమంటారు?"

కనకరాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "యాభై ఎనిమిది," అన్నాడు.

విజయభాస్కర్ గారు రాసుకోబోయి ఆగారు. రెండు రీళ్లు తీసుకెళ్లారా అని అడిగారు. కనకరాజు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఛాతీ విరిచాడు.

"ఒక్కటే రీలు సారూ. డబ్బా మీద ముప్పయ్యారు అని రాసుంటది, అది తెల్వనోళ్ల కోసం. నేను ముప్పయ్యారు గొట్టిన, రీలు జరిపే మీట ఇంక తిరిగింది. నలభై గొట్టిన, ఇంక తిరుగుతున్నది. నాకే విచిత్రమనిపించింది. ఎందుకని కూసొని ఆలోచన జేసిన. పెండ్లి గ్రూపు ఫొటో అనుకోన్రి, యాభై మంది ఉంటరు, రీలు మస్తుగ తాగుతది. గోరంత పువ్వుకు ఎంత రీలు గావాలె? సన్నపూలు సారూ, తక్కువ వట్టింది. యాభై ఎనిమిది తీసినంక గూడ కెమెరా ఆగలే, నాకే నడుం నొచ్చి ఆపిన."

పాముకు నవ్వినవాళ్లు, చిలుకలకు నవ్వినవాళ్లు దీనికి నవ్వలేదు. ఇంత కథలో ఇదొక్కటే అంత గొప్పగా లేదని ఉపేందర్‌కు అనిపించింది. విజయభాస్కర్ గారు యాభై ఎనిమిది అని రాసుకున్నారు.

తమాషా ఏమిటంటే, పొద్దున్నుంచీ కనకరాజు చెప్పినవాటిలో పిసరంత కూడా కలపకుండా చెప్పింది ఇదే. నిన్న ఆయన నిజంగానే యాభై ఎనిమిది సార్లు మీట తిప్పాడు, యాభై ఎనిమిది సార్లు నొక్కాడు. స్టోరు మనిషి, లెక్క తప్పడు. సన్నపూలకు తక్కువ రీలు పడుతుందన్నదీ ఆయన చెట్టుకింద కూర్చొని మనసారా నమ్మిన మాటే. రాత్రి ఇంట్లో కమలకుమారికి కూడా చెప్పాడు, ఆమె కూడా అవునేమో అంది.

దయాకర్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"కనకరాజూ," అన్నాడు. ఆయన గొంతు విని చాలా రోజులైనట్టు అందరూ అటు తిరిగారు. "పువ్వు సన్నదైనా దొడ్డదైనా రీలు మీద వట్టే జాగ ఒక్కటే. ముప్పయ్యారు గాంగనే మీట బిగుసుకపోతది, మహా అయితె ఇంకొకటో రెండో వస్తయి. యాభై ఎనిమిది దాక తిరిగిందంటె లోపల రీలు ఎక్కనే లేదు."

కనకరాజు నవ్వాడు. నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోయింది. "ఎక్కకుంటె సప్పుడెట్లొస్తదన్నా? ప్రతిసారి టక్కుమన్నది."

"దారం లేకున్నా కుట్టుమిషన్ సప్పుడు జేస్తది."

ఉపేందర్ ఫక్కున నవ్వి, కనకరాజు ముఖం చూసి నోరు మూసుకున్నాడు. నాగుపాము నడుమెక్కితే ఎవరూ కాదనలేదు, మూడొందల చిలుకలు గాలిలో ఆగితే ఎవరూ కాదనలేదు, ఎలుగుబంటి చాయ్ తాగితే సారలమ్మ సంతోషపడింది. పదేళ్లలో ఎవరూ ఆపని మనిషిని చివరికి ఒక నిజం పట్టుకొని ఆపింది.

దయాకర్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టాడు. కెమెరా అడుగున ఉన్న బుడిపె నొక్కమన్నాడు, పైన ఎడమ పక్కనున్న పిడి మెల్లగా వెనక్కి తిప్పమన్నాడు. రీలు అవతలి పక్కకు చుట్టుకొని ఉంటే పిడి బిగుతుగా తిరుగుతుందట, ముప్పై నలభై చుట్లు తిప్పినా అయిపోదట. కనకరాజు రెండు వేళ్లతో పిడి పట్టుకున్నాడు. తిప్పాడు. బిగుతన్నది లేదు, సీసా మీద వదులు మూతలా పిడి అరచుట్టు ఇట్టే తిరిగింది.

"సాలు, ఆపు," అన్నాడు దయాకర్. "ఇగ వెనక తలుపు తెరువు."

"తెరిస్తె వెలుగు తగిలి ఫొటోలు ఖరాబయితయి గదన్నా." కనకరాజు ఆ మాట అడిగిన తీరులో ఇంకా ఎక్కడో కాస్త ఆశ ఉంది.

"ఉంటె గద."

తెరిచాడు. రీలు డబ్బీ తన గూట్లో తాను హాయిగా కూర్చొనుంది, కొస బెత్తెడు బయటికి పెట్టుకొని, నిన్న పొద్దున ఎలా పెట్టాడో అలాగే. రెండో పక్కన చుట్టుకోవాల్సిన ఇరుసు బోసిగా ఉంది. యాభై ఎనిమిది పూలలో ఒక్క రేకు కూడా లోపలికి రాలేదు.

బస్సు ఒకటి హారన్ కొడుతూ ఉప్పల్ వైపు పోయింది. విజయభాస్కర్ గారు నోటు పుస్తకం మూసి, ఫ్లెక్సీ కట్టేశాం కదండీ అన్నారు, తప్పు తనదే అయినట్టు.

కనకరాజుకు ఫ్లెక్సీ కనిపించలేదు. ఉగాది రోజు పది గంటలకు బోసిగా ఉన్న గోడ కనిపించింది, దాని ముందు వియ్యంకుడు, వియ్యంకుడి పక్కన తల దించుకున్న హిమజ. ముప్పాతిక కాదు, ఈసారి మొత్తం తీసేయొచ్చు. ఏడుపొచ్చినంత పనైంది. అంతలో, ఆయన పిలవకుండానే, నోటికి అలవాటైన పని నోరే మొదలుపెట్టింది.

"గా ఎలుగుబంటే," అన్నాడు.

అందరూ తలెత్తారు. విజయభాస్కర్ గారి కళ్లలో కూడా ఒక వెలుగు కనిపించింది. కథ మొత్తం కనకరాజు నాలుక మీద వండి వడ్డించినట్టు సిద్ధంగా ఉంది. మత్తులో ఉన్న ఎలుగుబంటి, తాను చాయ్ కలుపుతుంటే కెమెరా అందుకొని, గోటితో తలుపు తీసి, రీలు లాగి చూసి, మళ్లీ ఉన్నచోట పెట్టేసింది. ఇంకొక్క వాక్యం చాలు, ఉపేందర్ నవ్వుతాడు, సారలమ్మ ఇంకో చాయ్ పోస్తుంది, ఈ పూట గడిచిపోతుంది.

కనకరాజు దయాకర్ వైపు చూశాడు. దయాకర్ పదేళ్లుగా చూస్తున్నట్టే చూస్తున్నాడు, ఔననకుండా, కాదనకుండా. ఈ మనిషిని ఒక్కమాట అడిగి ఉంటే, రీలు ఎలా ఎక్కించాలన్నా అని నిన్న ఒక్కమాట అడిగి ఉంటే అయిపోయేది. లాలాపేట్ ఎంత దూరం గనక. అడిగితే కలిసి స్టూడియో నడిపిన కనకరాజుకు రీలు ఎక్కించడం రాదని తేలిపోతుంది, అందుకే అడగలేదు. ఎలుగుబంటి ఆయన గొంతులోనే ఆగిపోయింది.

"నాకు రీలు ఎక్కియ్యరాదన్నా," అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది, నిలబడ్డవాళ్లు వినడానికి కొంచెం వంగారు. "ఎన్నడు రాదు. నీ దగ్గర నేను లైటే వట్టిన. గంతే."

దయాకర్ కెమెరా తీసుకోలేదు. అది కనకరాజు ఒళ్లోనే ఉండనిచ్చి, వేలితో చూపించాడు. రీలు కొస ఇరుసు గాడిలోకి దూర్చాలి. పక్కనున్న పళ్లు రీలు కంతల్లో పడాలి. మీట తిప్పి చూడాలి, గట్టిగా పట్టిందో లేదో. కనకరాజు దూర్చాడు, జారింది. మళ్లీ దూర్చాడు, మళ్లీ జారింది. మూడోసారి పట్టింది. తలుపు మూసి మీట తిప్పాడు. ఎడమ పక్కనున్న పిడి దానంతటదే చిన్నగా కదిలింది. నిన్నంతా ఆ పిడి కదలలేదన్న సంగతి, కదలాలన్న సంగతి ఆయనకు ఇప్పుడు తెలిసింది. బటన్ నొక్కి ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి కదిలింది.

"ఇగ తిప్పకు, ఫొటోలు ఒడుస్తయి," అన్నాడు దయాకర్.

మేకుల సంగతేం చేయమంటారని విజయభాస్కర్ గారు మెల్లగా అడిగారు. ఇప్పుడే కొట్టించొద్దనీ, ఫొటోలు కడిగాక ఎన్ని వస్తే అన్నే కొడదామనీ కనకరాజు చెప్పాడు. ఆయన నోటి నుంచి ఇలాంటి మాట సారలమ్మ ఇంతకుముందు వినలేదు. అడక్కుండానే ఇంకో చాయ్ పోసి ముందు పెట్టింది.

ఉపేందర్ వచ్చే ఆదివారం తానూ వస్తానన్నాడు. దయాకర్ తల అడ్డంగా ఊపాడు. వచ్చే ఆదివారం దాకా మోదుగు ఆగదు, ఇప్పటికే సగం రాలి ఉంటుంది. కనకరాజు గ్లాసు చేతిలో పట్టుకొని అందులోకే చూస్తూ, రేపు సెలవు పెడితే నువ్వొస్తావా అన్నా అని అడిగాడు. అడగడం కొత్త కాబట్టి మాట రెండుసార్లు తడబడింది.

"వస్త," అన్నాడు దయాకర్. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయిదింటికి తయారుగుంట, బండి నువ్వు నడుపు. కాని కీసర దాటేదాక నోరు మెదపొద్దు."

కనకరాజు ఏదో అనబోయాడు. అనకుండానే తలూపాడు.